ఆరు అట్టల మీద ‘ఊ’

జనవరి 8

మామయ్యకు,

నీ మోకాలు ఎలా ఉందని అమ్మ రోజూ నన్ను అడుగుతుంది, నేనేదో నీ పక్కింట్లో ఉన్నట్టు. నువ్వు ఫోన్లో మాట్లాడవు కాబట్టి ఈ కాగితం మీద అడుగుతున్నాను. ఎలా ఉంది?

నేను ఈ ఫ్యాక్టరీలో చేరి ఏడు నెలలైంది. ఇక్కడ లోపలి బట్టలు కుడతారు. అందులోనూ ఒంటిని ఒక తీరుకు తెచ్చేవి. వీళ్ళు షేపర్ అంటారు. నువ్వూ అత్తయ్యా నడికట్టు అనేవారు, అదే. పొట్టను నొక్కి, నడుమును నిలబెట్టి, పైన ఏ బట్ట కట్టినా లోపలి అంచు కనబడకూడదు. కాన్పయినవాళ్ళకీ, కడుపు ఆపరేషన్ అయినవాళ్ళకీ, ఊరికే సన్నగా కనబడాలనుకునేవాళ్ళకీ ఒకటే డిజైను కావాలట మా మేనేజరమ్మకి. అది తెచ్చి నా నెత్తిన పెట్టింది.

ఇప్పటికి పదకొండు నమూనాలు కుట్టాను. కూర్చోగానే పై అంచు చాపలా చుట్టుకుపోతుంది. చుట్టుకోకుండా బిగిస్తే ఒంటి మీద వాత తేలుతుంది. మా కటింగ్ మేస్త్రి ప్రతి నమూనానీ రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, “ఇది మనిషికా, దిండుకా?” అని అడుగుతాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, తర్వాత వెళ్ళి ముఖం కడుక్కుంటాను. పన్నెండోది కూడా పోతే ఈ పని ఇంకొకరికి ఇస్తానని మేనేజరమ్మ మెల్లిగా చెప్పింది. ఆవిడ గట్టిగా చెప్పేవి మర్చిపోతుంది, మెల్లిగా చెప్పేవి చేస్తుంది.

మీ నడికట్లు చుట్టుకునేవి కావు. చిన్నప్పుడు అత్తయ్య వాటిని బల్ల మీద నిలబెడితే మనుషుల్లేని నడుముల్లా నిలబడేవి, నాకు గుర్తుంది. వాటిని కత్తిరించడానికి మీరు గీసుకున్న అట్టలు ఇంకా ఉన్నాయా? ఉంటే పంపు.

అమ్మ కోలుకుంటోంది. ఆపరేషన్ అయి మూడు నెలలు దాటింది. కడుపుకు కట్టు లేకుండా తిరగొద్దన్నాడు డాక్టరు. కొట్లో కొన్నది ఒరుసుకుపోతోంది. నొప్పిగా ఉందా అంటే ఊ అంటుంది, తగ్గిందా అంటే ఊ అంటుంది.

మా ఆఫీసు ఫోను నెంబరు కింద రాశాను. చెయ్యవని తెలిసే రాశాను.

నీ మేనకోడలు


జనవరి 14

అమ్మడూ,

నీ ఉత్తరం చేరింది. మోకాలు ఉన్నచోటే ఉంది.

అట్టలు తొమ్మిది. పంపుతున్నాను. బీరువా మీద ఉండేవి. మీ అత్తయ్య పోయాక దించలేదు. దుమ్ము దులిపాను. ఒకదాని మూల ఎలుక కొరికింది. అది తొడ దగ్గరి ముక్క, ఫరవాలేదు.

బట్ట అడ్డంగా సాగాలి, నిలువుగా సాగకూడదు. పై అంచు మడిచి కుట్టకు. నిలబడడానికి పక్కల్లో పెట్టే పుల్లల చివర్లకు గుడ్డ చుట్టు, లేకపోతే పొడుస్తాయి. ముందు ఏడు హుక్కులు. పెట్టుకునేటప్పుడు పై నుంచి, విప్పేటప్పుడు కింది నుంచి. మిగతా గుర్తులన్నీ అట్టల మీదే ఉన్నాయి.

అట్టలు చూస్తుంటే ఆ గది గుర్తొచ్చింది. మధ్యలో తెర. మీ అత్తయ్య తెర అవతల నిలబడి కొలిచేది. అంకె చెప్పేది. నేను ఇవతల బల్ల దగ్గర రాసుకునేవాణ్ణి. ముప్పై రెండేళ్ళు అలాగే నడిచింది. వచ్చిన ఒక్కరి ముఖమూ చూడలేదు. వీధిలో ఎవరైనా మాట్లాడితే గొంతు పోల్చుకుని తల దించుకునేవాణ్ణి. నడుము కొలత గుర్తొచ్చేది.

మీ అమ్మను ఎక్కువ తిరగనివ్వకు. దాన్ని అడిగి లాభం లేదు. చూసి తెలుసుకో.

మామయ్య


ఫిబ్రవరి 2

మామయ్యకు,

పన్నెండోది నిలబడింది. బల్ల మీదా నిలబడింది, మనిషి మీదా నిలబడింది. కూర్చున్నా, వంగినా, మెట్లెక్కినా అంచు కదల్లేదు. మేస్త్రి దాన్ని ఎత్తి పట్టుకుని, దించి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఇన్ని నెలల్లో నాకు దొరికిన మెప్పు అదే.

ముందు నీ అట్టలు చూసి బాగా ఆడుకున్నాడులే. వాసన చూసి, “ఇవి అట్టలా, అప్పడాలా?” అన్నాడు. తొమ్మిదింటిలో ఆరింటి మీద అంచు పక్కన పెన్సిలుతో ‘ఊ’ అని రాసి ఉంది కదా. అది చూసి, మీ మామయ్య కునుకు తీస్తూ గీసుంటాడని తేల్చాడు. నాకు మాత్రం వెంటనే తట్టింది. అవి నువ్వు మళ్ళీ సరిచూసి ఊ అన్న ముక్కలు. అందుకని ఆ ఆరింటినీ వెంట్రుకవాసి కదపకుండా గీత మీదే కత్తిరించాం. ఊ లేని మూడింటికి ఎందుకైనా మంచిదని ముప్పావు అంగుళం వదులిచ్చాను. నువ్వు ఒక్క అక్షరంతో ఎంత పని తప్పించావో.

మొదటి నమూనా అమ్మకిచ్చాను. ఇంటికి తేగానే పాతది తీసి అవతల పడేసింది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇదే. ఎలా ఉందమ్మా అంటే ఊ అంది. అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంది కూడా. అమ్మ అద్దం చూసుకోవడం నేను ఎన్నేళ్ళకు చూశానో.

రెండోది పెద్ద సైజులో కుట్టి మా లైనులో బక్కక్కకిచ్చాం. పేరుకే బక్కక్క, రెండు కుర్చీల మనిషి. ఎనిమిది గంటలు వేసుకుని మెషిను కుడుతుంది, సాయంత్రం ఎలా ఉందో చెబుతుంది. ఈ నెల 25న మొదటి ఆరువందల పీసులకు బట్ట పరుస్తారు. ఒక్కసారి కోత పడితే ఇక వెనక్కి లేదు. నువ్వొచ్చి చూస్తే బాగుండును. రావని తెలుసు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 6

అమ్మడూ,

ముందు లేచి మీ అమ్మ ఒంటి మీద ఉన్నది విప్పు. తర్వాత వచ్చి మిగతాది చదువు.

ఊ అంటే సరే అని కాదు. ఊ అంటే ఊపిరి.

మీ అత్తయ్య రెండు కొలతలు తీసేది. మామూలుగా ఒకటి. ఊపిరి పీల్చి పట్టుకోమని ఇంకొకటి. రెండోది చెప్పేముందు తెర అవతల నుంచి ఊ అనేది. ఊపిరి అని మొత్తం అనడానికి బద్ధకం. నేను అలాగే రాసుకునేవాణ్ణి. ఆ గుర్తున్న అంచు గీత మీద కోసేది కాదు. గీత బయట ఒక వేలు వదిలి కోయాలి. అక్కడ సాగే పట్టీ వెయ్యాలి. పక్కటెముకలు తెరుచుకునే చోటది.

నువ్వు ఊ ఉన్నచోట బిగించావు. లేనిచోట వదులిచ్చావు. అంతా తిరగబడింది. పట్టు పొట్ట మీద లేదు, రొమ్ము కింద పడింది. అంచు చుట్టుకోకపోవడం అందుకే. అది బాగా కుదిరి కాదు.

తప్పు నాది. అది నా కోసం రాసుకున్న గుర్తు. ఇంకొకరు చదువుతారని అనుకోలేదు.

ఆ బక్కక్క అనే ఆవిడది కూడా విప్పించు. 25న కోత ఆపించు. ఒక్క ముక్క రాసి పడెయ్, విప్పానని.

మామయ్య


ఫిబ్రవరి 11

అమ్మడూ,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. నా ఉత్తరం నిన్నటికి చేరి ఉండాలి. మొన్నటికే చేరి ఉండాలి.

ఈ రోజు కింద కొట్టుకెళ్ళి ఫోన్ చేశాను. కొట్టాయన నంబరు తిప్పి ఇచ్చి పక్కనే నిలబడ్డాడు. గేటు దగ్గర మనిషి ఎత్తాడు. నువ్వు లేవన్నాడు. ఎప్పుడొస్తావో తెలియదన్నాడు. వెనక మెషిన్ల మోత. ఊ అంటే అవును కాదు, ఊపిరి, ఆ మాట అమ్మాయికి చెప్పండి అన్నాను. ఏమిటీ అన్నాడు. మళ్ళీ చెప్పాను. రాసుకుంటున్నానన్నాడు. మూడోసారి చెప్పలేకపోయాను. కొట్లో నలుగురున్నారు.

ఫ్యాక్టరీ చిరునామా నా దగ్గర లేదు. ఇదీ ఇంటికే రాస్తున్నాను.

నా మీద కోపమొచ్చి రాయడం లేదా? అయితే మంచిదే. విప్పి ఉంటే చాలు.

మామయ్య


ఫిబ్రవరి 13

మామయ్యకు,

ఇది ఎలాస్టిక్ మిల్లు గెస్టు రూము నుంచి రాస్తున్నాను. 7వ తేదీన ఉన్నట్టుండి పంపించారు. పట్టీ సాగితే మళ్ళీ ఎంత వెనక్కి వస్తుందో దగ్గరుండి చూసుకోవాలట. ఇంకో మిల్లు కూడా చూసుకుని 22న ఇంటికి చేరతాను. ఈలోగా నువ్వేమైనా రాసి ఉంటే ఇంట్లో నా కోసం కూర్చుని ఉంటుంది. అమ్మ సంగతి తెలుసుగా. నా పేరున వచ్చిన కవరు తనను ఎండలో నిలబెట్టినా తెరవదు.

నిన్న మేనేజరమ్మ ఇక్కడికి ఫోన్ చేసింది. నువ్వు ఫ్యాక్టరీకి ఫోన్ చేశావట. నువ్వు, ఫోను. నాకు కాసేపు నమ్మబుద్ధి కాలేదు. గేటు దగ్గరాయన కాగితం మీద ‘మామయ్యగారు. ఊ అంటే అవును. అమ్మాయికి చెప్పాలి’ అని రాసి పెట్టాడట. ఆవిడ చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. మీ కింద కొట్లో తప్ప ఫోను లేదు కదా, నీ సిగ్గంతా దిగమింగుకుని, అంత జనం ముందు నిలబడి, నాకు ధైర్యం చెప్పడానికి ఫోన్ చేశావు.

నిజం చెప్పాలంటే ఆ ధైర్యం నాకు అవసరమైంది. బక్కక్క మొన్న చేతులు తిమ్మిరెక్కి, కళ్ళు తిరిగి, మెషిను మీద తల వాల్చేసిందట. మేస్త్రి పొద్దున తినకుండా వచ్చి ఉంటుందన్నాడు. తినకుండా వచ్చే మనిషి కాదు బక్కక్క. ఆ మాట పట్టుకుని నేను కోత ఆపమందామనుకున్నాను. అంతలో నీ కబురు. ఇక అనుమానం దేనికని ఊరుకున్నాను. బట్ట కూడా ముందే వచ్చిందట, 25 దాకా ఆగకుండా 20వ తేదీ పొద్దున్నే కోత పెట్టుకుంటామంటే సరేనన్నాను.

అమ్మ సంగతి పక్కింటావిడ ఫోన్లో చెప్పింది. కంచంలో సగమే తింటోందట. దిండు గోడకు ఆనించి కూర్చునే నిద్రపోతోందట. ఏమ్మా అంటే, సన్నబడుతున్నానులే అందట. ఇంటికెళ్ళాక డాక్టరుకు చూపించాలి.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 16

చెల్లీ,

కవరు మీద నీ పేరు రెండుసార్లు రాశాను. ఇది నీకే. అమ్మాయి పేరున వచ్చినవి రెండు నీ దగ్గర ఉండి ఉంటాయి. అవి కూడా తెరువు. నేను చెబుతున్నాను కాబట్టి తప్పు లేదు.

నువ్వు తొడుక్కున్నది ఇప్పుడే విప్పు. ఏడు హుక్కులు. కింది నుంచి పైకి. నీ చెయ్యి అందకపోతే పక్కింటావిణ్ణి పిలువు. సిగ్గుపడకు. సిగ్గు సంగతి నాకు చెప్పకు, నాకు తెలుసు.

అది తప్పు కొలత. అమ్మాయి తప్పు కాదు. నా రాత తప్పు.

నీ పద్దెనిమిదో ఏట ఫొటో తీయించుకోవాలన్నావు. నడుము సన్నగా పడాలన్నావు. నేను కుట్టిన మొదటి నడికట్టు అది. సరిపోయిందా అంటే ఊ అన్నావు. మరీ బిగువుందా అంటే ఊ అన్నావు. ఫొటో ఆయన నల్లగుడ్డలో తల పెట్టి తీసేసరికి నువ్వు స్టూలు మీద లేవు, నేల మీద ఉన్నావు. మీ వదిన హుక్కులు విప్పింది. నీకు రంగు తిరిగొచ్చేదాకా విసురుతూ కూర్చుంది. తర్వాత అంది, “ఇకనుంచి ఆడవాళ్ళు ఊ అంటే అవునని రాసుకోకు, ఊపిరని రాసుకో.”

ఆ గుర్తు అలా పుట్టింది. అమ్మాయికి మీ వదిన బద్ధకమని రాశాను. నీ సంగతి బయటపెట్టడం ఎందుకని. ఇప్పుడు అదే నీ మీద పడింది.

ఇంకొకటి. 20వ తేదీ పొద్దున ఫ్యాక్టరీలో ఆరువందలు కోస్తారట. ఆపమని ఎవరి చేతనైనా కబురు పంపు. నువ్వు వెళ్ళకు. నేను మళ్ళీ ఫోన్ చేశాను. గేటు దగ్గరాయన నా గొంతు పోల్చుకుని, “చెప్పేశానండీ, మీరు ఊ అన్నారని” అన్నాడు. కొట్లో అందరూ నాకేసే చూస్తున్నారు. పెట్టేశాను.

విప్పావా?

అన్నయ్య


ఫిబ్రవరి 24

మామయ్యకు,

విప్పింది. ముందు అది చదువుకో. తర్వాత కూర్చుని మిగతాది చదువు. నువ్వు నాకు రాసినట్టే రాశాను.

22న ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. వెల్లకిలా పడుకోగలగడం ఎంత సంగతో నాకప్పుడు తెలియదు. అల్మారా మీద నీ కవర్లు మూడు. మూడూ తెరిచే ఉన్నాయి. నీ 6వ తేదీ ఉత్తరం తొమ్మిదిన వచ్చిందట. పది రోజులు అమ్మ దాని ఎదురుగానే తిరిగింది, అది ఒంటి మీద వేసుకుని, రోజూ దాని మీద దుమ్ము తుడుస్తూ. తన పేరున వచ్చింది 19న మధ్యాహ్నం అందింది. పక్కింటావిడే హుక్కులు విప్పింది. ఐదోది ఊడగానే అమ్మ గడప మీద కూలబడి చాలాసేపు ఊపిరి తీసుకుంటూ కూర్చుందట. పక్కింటావిడ భయపడి నీళ్ళు తెస్తే చేత్తో వద్దందట, తీరిక లేనట్టు.

కుట్టు మీద దెబ్బ తగల్లేదు. రొమ్ము కింద రెండు వైపులా కమిలిన గీతలు పడ్డాయి. డాక్టరు చూసి, ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరేదన్నాడు. నాకేసి చూసి, ఇది ఎవరు కుట్టారని అడిగాడు. నేనే అన్నాను.

ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. “నువ్వు కుట్టావు కదా” అంది.

ఇక ఫ్యాక్టరీ సంగతి. కబురు పంపమని నువ్వు రాశావు కదా, ఎవర్నీ పంపలేదు. 20వ తేదీ పొద్దున తనే వెళ్ళింది. ఆ నడికట్టు సంచిలో వేసుకుని, మధ్య మధ్య అరుగుల మీద కూర్చుంటూ నడిచి వెళ్ళింది. ఇదంతా మేస్త్రి నాకు చెప్పాడు. నలభై పొరల బట్ట పరిచి, సుద్దతో గీసి, కోత మెషిను చేతిలోకి తీసుకున్నాడట. ఎవరో పెద్దావిడ లోపలికొచ్చి సంచిలోది తీసి సరిగ్గా సుద్ద గీతల మీద పెట్టిందట. “వద్దు” అందట. ఎవరమ్మా నువ్వు, ఏది వద్దు అంటే, మళ్ళీ “వద్దు” అందట. లైనులోంచి బక్కక్క లేచొచ్చి అమ్మ పక్కన నిలబడి, నాకూ వద్దందట. ఆమె వెనక ఇంకో ఇద్దరు.

“ప్లగ్గు పీకింది నేనే. ఎందుకు పీకానంటే మాత్రం చెప్పలేను. ఆవిడ మూడోసారి అంటుందేమోనని” అన్నాడు మేస్త్రి. ఇప్పుడు నీ అట్టల మీద చెయ్యి వేసేముందు చేతులు కడుక్కుంటున్నాడు.

అమ్మ నోట వద్దు అనే మాట నేను పుట్టాక వినలేదు. నేను లేనప్పుడే అంది.

నీ మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. ఒక్క రోజు ఉంది. ఊపిరి అని మూడు అక్షరాలు రాయడానికి పెన్సిలు అరిగిపోతుందా అనుకున్నాను. తర్వాత, తెలియనిది తెలిసినట్టు చదివింది నేనే కదా అనిపించింది.

ఇప్పుడు మళ్ళీ కత్తిరించాం. ఊ ఉన్నచోట వదిలి పట్టీ వేశాం. బక్కక్క వేసుకుని మధ్యాహ్నం మెషిను మీద పాట పాడింది. బాగా పాడదు, అయినా ఎవరూ ఆపలేదు. కానీ మళ్ళీ ఒక చిక్కు వచ్చిపడింది. ఒక వేలు వదలమన్నావు. ఎవరి వేలు మామయ్యా? మేస్త్రి వేలు రూళ్ళకర్రలా ఉంటుంది, నాది పెన్సిలులా ఉంటుంది. రెండింటికీ కుట్టి చూశాం. ఒకటి జారుతోంది, ఒకటి పట్టేస్తోంది.

మేనేజరమ్మ నువ్వు వచ్చి చూపించేదాకా కోత లేదంది. మెల్లిగా చెప్పింది. లైనులో ఆడవాళ్ళు కొలతలిస్తామంటున్నారు. తెర కట్టిస్తాను. అత్తయ్య చోట నేను నిలబడతాను. నువ్వు ఎవరి ముఖమూ చూడక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

వస్తావా? ఊ అని మాత్రం రాయకు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 28

అమ్మడూ,

ఉత్తరం కూర్చునే చదివాను. రెండుసార్లు చదివాను.

వేలు మీ అత్తయ్యది. చూపుడు వేలు. దాని మందం ఒక చెక్క ముక్క మీద గీసి ఉంచుకున్నాను. అంచులు అరిగాయి గానీ గీత ఉంది. ఆ చెక్క పోస్టులో పంపను.

నీకు ఒకటి చెప్పాలి. 16వ తేదీన చెల్లికి ఉత్తరం వేసి అటునుంచి అటే స్టేషనుకు వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. కౌంటరులో ఎక్కడికి అన్నాడు. నోరు పెగల్లేదు. వెనకవాళ్ళు తొందరపెట్టారు. పక్కకు తప్పుకున్నాను. ఇంటికి వచ్చేశాను. నేను రాలేకపోయిన చోటికి మీ అమ్మ నడిచి వెళ్ళింది. ఆ ఒంటితో.

ఈ రోజు ఊరి పేరు కాగితం మీద రాసి కౌంటరులో పెట్టాను. ఏమీ అడక్కుండా టికెట్టు ఇచ్చాడు. ఇంత తేలికని తెలియదు.

వస్తున్నాను. ఆదివారం పొద్దున దిగుతాను.

తెరకు మందం గుడ్డ వద్దు, మాట వినబడదు. ముందు మీ అమ్మను కొలువు. ఒంటి మీద ఆ కమిలిన గీతలు మానాకే. నిలబెట్టి కొలువు. అది ఊ అంటే పట్టించుకోకు, టేపు చూడు. వద్దంటే ఆపు.

అంకెలు గట్టిగా చెప్పు. ఈ మధ్య నాకు చెవి మందగించింది. ఊపిరిని మాత్రం ఊపిరి అనే చెప్పు. మొత్తం రాసుకుంటాను.

మామయ్య